అల్లా చంద్రదేవుడా? యెహోవా పేరు ఎడారిదా?

పాతచెప్పులు:
మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అల్లా అంటే ఇస్లాంకు ముందు అరబ్బులు కొలిచిన చంద్రదేవుడు, మసీదుల మీద నెలవంక అందుకే" అని. దాని కిందే "యెహోవా కూడా ఎడారి జాతుల దగ్గర తెచ్చుకున్న పేరే" అని ఇంకో ముక్క. రెండిట్లో నిజమెంత? కొట్టుకోకుండా చెప్పండి.

కుంపటి:
మొదటిది చెత్త. అరబీలో "ఇలాహ్" అంటే దేవుడు. ముందు "అల్" చేరి "అల్-ఇలాహ్" అయింది, అదే వాడుకలో అల్లాగా కుదించుకుపోయిందని ఎక్కువమంది భాషావేత్తల మాట. హీబ్రూ "ఎలోహ", సిరియాక్ "అలాహా" దీనికి తోబుట్టువులే. అరబ్ క్రైస్తవుల బైబిల్ తెరవండి, మొదటి వాక్యంలోనే అల్లా ఉంటాడు. పదో శతాబ్దపు యూదు పండితుడు సాదియా గావోన్ తోరాను (యూదుల ధర్మగ్రంథాన్ని) అరబీలోకి తెచ్చినప్పుడు వాడిందీ ఆ మాటే. చంద్రుడి పేరైతే ఆయన ముట్టుకునేవాడా? ఇక నెలవంక గుర్తు బాగా పాకింది ఇస్లాం వచ్చిన ఎన్నో శతాబ్దాలకు, ఆటోమన్ల కాలంలో.

రాతిపలక:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి కుంపటి గారూ. ప్రవక్త తండ్రి పేరే అబ్దుల్లా, అంటే అల్లా దాసుడు. ఆయన కొడుకు పుట్టకముందే పోయాడు. ఆ పేరు పెట్టినవాళ్ల ఊళ్లో, కాబాలోనే, విగ్రహాలున్నాయి. లాత్, ఉజ్జా, మనాత్ అనే దేవతల పేర్లు ఖురాన్‌లోనే కనిపిస్తాయి. అంటే పాత పేరే కదా?

కుంపటి:
పాతది కాదని ఎవరన్నారు? ఆకాశాన్నీ భూమినీ ఎవరు చేశారని అడిగితే ఆ విగ్రహాలు కొలిచేవాళ్లు కూడా అల్లా అనే చెబుతారని ఖురాన్ 29:61 అంటోంది. పాత పేరు కావడం వేరు, చంద్రుడి పేరు కావడం వేరు. ఈ ప్రచారాన్ని 1990లలో జనంలోకి తెచ్చింది రాబర్ట్ మోరే అనే అమెరికన్ క్రైస్తవ రచయిత. ఆయన చూపించిన బొమ్మల్లో ఒకటి ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హాజోర్‌లో దొరికింది. అది కనానీయుల గుడిది. మక్కా ఎక్కడ, హాజోర్ ఎక్కడ! పైగా సూర్యుడికీ చంద్రుడికీ మొక్కవద్దని 41:37లో ఉంది.

ఒలీవకొమ్మ:
అల్లా సంగతి సరే. యెహోవా పేరును కూడా తవ్వుతుంటే మాలాంటివాళ్లకు కష్టంగానే ఉంటుందండీ. పొద మండుతుండగా దేవుడే మోషేతో తన పేరు "నేను ఉన్నవాడను" అన్నాడు. అరువు ఎక్కడుంది అందులో?

రాతిపలక:
నమ్మకం జోలికి రావడం లేదు అక్కా. కానీ ఆ పొద కనిపించినప్పుడు మోషే కాస్తున్నది ఎవరి మందను? మామ యిత్రోది, ఆయన మిద్యాను యాజకుడు. పండితుల్లో కొందరు ఎడారి వైపు చూడటానికి ఇదొక కారణం. ఇంకోటి సూడాన్‌లోని సోలెబ్ గుడి. ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోటెప్ కట్టించాడు, క్రీ.పూ. 14వ శతాబ్దం. అక్కడ చెక్కిన పేర్లలో "షాసు" సంచార జాతుల నేల ఒకటి "య్‌హ్వ్" అన్న పేరుతో ఉంది. ఊరి పేరా, దేవుడి పేరా అన్నది తేలలేదు. నిర్గమకాండము 6:3 కూడా చూడండి, అబ్రాహాముకు యెహోవా అన్న పేరు తెలియదనే ఉంది.

ఒలీవకొమ్మ:
ఆదికాండము 4:26 వదిలేశారేం? ఆదాము మనవడు ఎనోషు నాడే యెహోవా నామాన ప్రార్థన మొదలైందని రాసుంది.

రాతిపలక:
మంచి పట్టు! ఆ రెండు వచనాలూ వేర్వేరు సంప్రదాయాల నుంచి వచ్చాయని చాలామంది పరిశోధకులు అనేది సరిగ్గా ఇలాంటి చోట్లనే. నన్ను ఎక్కువ తికమక పెట్టేది మాత్రం కుంటిల్లెట్ అజ్రూద్. సినాయి ఎడారిలో ఓ దిబ్బ, 1975-76లో తవ్వారు. క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద మట్టి బానల మీద సిరాతో గీసిన బొమ్మలు, రాతలు. ఒకచోట "సమరయ యెహోవా, ఆయన అషేరా" పేరున దీవెన ఉంది. అషేరా దేవతా, లేక పూజకు నిలబెట్టిన మానా? వాదన నడుస్తూనే ఉంది. మన తెలుగు బైబిల్లో ఈ మాటకు "దేవతాస్తంభము" అని పెట్టారు చూడండి, ఒక రకంగా రెండూ కలిపేశారు.

కుంపటి:
అయితే మెసేజ్‌లో రెండో ముక్కకు కొంత పస ఉంది, మొదటి దానికి లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టడమే మోసం. అన్నట్టు, మన "దేవ"కు పార్సీల గ్రంథం అవెస్తాలో చుట్టం "దయేవ". అక్కడ దాని అర్థం దుష్టశక్తి. మాట పుట్టుక చూపించి అర్థం తేల్చేస్తామంటే మన దేవుడి సంగతేంటి మరి?

పాతచెప్పులు:
మా పక్కింటి ఇస్మాయిల్ పేరు చివర వచ్చేదీ దేవుడని అర్థమొచ్చే హీబ్రూ "ఎల్" ఏనా?

ఒలీవకొమ్మ:
అదే. బైబిల్లో ఇష్మాయేలు. దేవుడు వింటాడని అర్థం.

పాతచెప్పులు:
థాంక్స్ అందరికీ. ఆ మెసేజ్ పెట్టింది మా పెదనాన్న. ఇదంతా టైప్ చేసే ధైర్యం లేక 29:61 ఒక్కటే పంపాను. బ్లూ టిక్‌లు పడ్డాయి. జవాబు రాలేదు.