రొప్పడం తగ్గింది, పాలు మాత్రం పెరగట్లేదు, ఎందుకు?

శంషాబాద్ షెడ్డు: మావి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) క్రాస్ ఆవులు, రేకుల షెడ్డు. ఎండలు ముదిరిన కొత్తలో నాలుక బయటపెట్టి రొప్పేవి, చొంగ తీగలు తీగలుగా కారేది, దాణా సగం తొట్టిలోనే వదిలేసేవి. ఇప్పుడు చూస్తే రొప్పడం బాగా తగ్గింది, మేత కూడా కొంచెం నయం. కానీ పాలు పడిపోయిన చోటే ఉన్నాయి. అలవాటు పడ్డట్టా, లేక లోపల ఏదైనా రోగమా? ఇంట్లో అందరికీ టెన్షన్.

రాజేంద్రనగర్ వెటర్నరీ: అన్నా, అలవాటు పడ్డాయి కాబట్టే పాలు పెరగట్లేదు. మొదట్లో ఆవు ఉన్న వేడిని బయటికి తోలుతుంది, అంటే రొప్పడం, చెమట, చర్మానికి రక్తం ఎక్కువగా పారడం. వారాల తరబడి ఎండ కాస్తే మాత్రం లోపల పుట్టే వేడినే తగ్గించుకుంటుంది, థైరాయిడ్ హార్మోన్లు తగ్గుతాయి, ఒంట్లో పని మొత్తం నెమ్మదిస్తుంది. పాలు తయారవడమంటేనే వేడి పుట్టడం కదా. మేత తగ్గడం వల్లే పాలు తగ్గాయని అందరూ అంటారు గానీ అది దాదాపు సగం కారణమే. ఎండకు ఇన్సులిన్ పెరిగి ఒంట్లో కొవ్వు కరగదు, పొదుగుకు పోవాల్సిన గ్లూకోజు ఒంటికే ఖర్చవుతుంది. రోగమేమో అని అనుమానముంటే థర్మామీటర్ పెట్టండి, మామూలుగా 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. ఊపిరికి డొక్కల కదలిక నిమిషానికి 60 సార్లు దాటితే ఇంకా వేడి తట్టుకోలేకపోతోందని లెక్క.

బర్రెల భయ్యా: తినే సోడా సంగతి ఎవరూ చెప్పలేదేంటి? ఎక్కువ రొప్పితే రక్తంలోని బైకార్బనేట్ (పులుపును విరిచే సోడా లాంటిది) మూత్రంలో పోతుంది, అదే ఉన్న చొంగేమో నేలపాలు, ఇక పొట్టలో పులుపును ఆపేదేముంది? డాక్టర్‌నడిగి దాణాలో కలపండి. ఇంకోటి, ఆవు చెమటలో ఎక్కువగా పోయేది పొటాషియం, ఒట్టి ఉప్పు పెడితే చాలదు. ఒంగోలు ఆవుకు ఈ గొడవ తక్కువ, చెమట గ్రంథులు పెద్దవి, పైగా లోపల పుట్టే వేడే తక్కువ. పాలూ అంతే అనుకోండి.

శంషాబాద్ షెడ్డు: థాంక్స్ అన్నా. కరెంటు బిల్లుకు భయపడి రాత్రి ఫ్యాన్లు ఆపేస్తున్నాం, వేయాలా?

రాజేంద్రనగర్ వెటర్నరీ: తప్పకుండా వేయండి, పగలు ఎక్కిన వేడి దిగేది రాత్రే. నీళ్లు చల్లితే ఫ్యాన్ కూడా తిరగాలి, లేదంటే షెడ్డులో ఉక్కపోతే మిగులుతుంది. ఫ్యాన్లు అన్నింటికీ సరిపోకపోయినా చూడితో వట్టిపోయిన ఆవులను మర్చిపోకండి. పాలివ్వట్లేదు కదా అని వాటిని ఎండకు వదిలేస్తారు గానీ, ఆ రెండు నెలల వేడికి పొదుగు సరిగా ఎదగదు, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి, దూడ కూడా తక్కువ బరువుతో పుడుతుంది.