ఎర్త్ అవర్: మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మడం లేదు, ఏం చేయాలి?

మాది భీమవరం, 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మార్చిలో ఎర్త్ అవర్ శనివారం రాత్రి 8:30 నుంచి 9:30 దాకా లైట్లు ఆపుదామని రెండేళ్లుగా అడుగుతున్నాను. మొదటిసారి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ముగ్గురు ఆపారు. ఈసారి ఇంటింటికీ తిరిగితే ఐదుగురు.

రొయ్యల చెరువులున్న పైఅంతస్తు బాబాయిగారు ఒక లెక్క చెప్పారు. "9 వాట్ల బల్బులు పది ఆపితే గంటకి యూనిట్‌లో పదో వంతు కూడా మిగలదు. మా చెరువులో నీళ్లలోకి గాలి కలిపే 2 హెచ్‌పీ ఏరియేటర్ ఒక్కటే గంటకి యూనిట్‌న్నర లాగుద్ది. రాత్రి అది ఆపితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య చచ్చిపోద్ది." నేనూ లెక్కేశాను, నిజమే.

2007లో సిడ్నీలో ఇది మొదలైంది వాతావరణ మార్పు మీద జనం దృష్టి పడాలనే అని చెప్పాను. "పడ్డాక ఏం చేద్దాం?" అన్నారు. చాలా మంచి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసి తక్కువ కరెంటు లాగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేద్దామంటే ధర విని వెనక్కి తగ్గారు.

పెద్దగా ఖర్చు లేకుండా, ఆ ఒక్క గంటతో ఆగిపోకుండా, కామన్ మీటర్ బిల్లు నిజంగా తగ్గించిన పని మీ అపార్ట్‌మెంట్‌లో ఏది?