షిన్ సాబు రాణి పుట్టింటి, మెట్టినింటి కథ: తెలిసినవాళ్లు చెప్పండి

కోరంగిగట్టు:
మా తాతగారు రంగూన్‌లో పనిచేసి వచ్చారు. ఆ ఊరు చూడాలని 2019లో వెళ్లాం. ష్వేడగాన్ బౌద్ధ స్తూపం దగ్గర గైడు, ఒక మోన్ (దక్షిణ బర్మా జాతి) రాణి తన బరువు తూగే బంగారం గోపురానికి ఇచ్చిందని చెప్పాడు. ఆ రాణే షిన్ సాబు. ఆమె ఉత్తరాన ఉన్న బర్మా రాజ్యం ఆవాలో రాణి అని ఒకచోట, బందీ అని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

పాతపటం:
రెండూ కొంత నిజమే. ఆమె 1394లో పుట్టింది. తండ్రి, దక్షిణాన మోన్‌ల రాజధాని పెగును ఏలిన రాజు రజదరిత్. పేరు పలికి చూడండి, మన 'రాజాధిరాజు' వినిపిస్తుంది. రాజ్యం పేరు హంసవతి. మొదటి పెళ్లి తండ్రి మేనల్లుడితోనే అయింది. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. పాతికేళ్లకే భర్త పోయాడు. 1423లో సోదరుడు బిన్యా రాన్ ఆవాతో సంధి కోసం ఆమెను రాజు తిహతుకు ఇచ్చి పంపాడు. తండ్రి జీవితమంతా యుద్ధం చేసింది ఆ ఆవాతోనే!

ఇరావతి:
తిహతు రెండేళ్లకే కుట్రలో చనిపోయాడు. ఆ తర్వాత సింహాసనం ఎక్కిన మొహ్న్యిన్ థాడోకూ ఆమె రాణి అయింది. పిల్లలను వదిలి, రాజు మారినప్పుడల్లా అంతఃపురంలో ఉండిపోవడం... చదువుతుంటే గుండె బరువెక్కింది. 1430 ప్రాంతంలో ఇద్దరు మోన్ భిక్షువుల సాయంతో పెగుకు తప్పించుకుంది.

పాతపటం:
ఆ ఇద్దరిలో ఒకరు ధమ్మజేది. అసలు కథ ఇక్కడే ఉంది. సోదరుడి తర్వాత ఆమె కొడుకు ('బిన్యా వారు' అతని పేరు) ఏలాడు, 1450లో పోయాడు. ఇంకో ఇద్దరు వచ్చి వెళ్లారు. 1454లో, అరవై ఏళ్ల వయసులో, ఆమే గద్దె ఎక్కింది. వారసుడిగా రాజరక్తం ఉన్నవాణ్ణి కాకుండా ధమ్మజేదిని ఎంచుకుంది. అతను కాషాయం విడిచాక తన కూతురినిచ్చి పెళ్లి చేసింది. తనను పెగుకు చేర్చినవాడే అల్లుడయ్యాడు. చిన్నప్పటి నుంచీ తన సంబంధాలన్నీ వేరేవాళ్లే కుదిర్చారు. ఈ ఒక్కటి ఆమె కుదిర్చింది.

ఇరావతి:
బంగారం 25 వీశెలు అంటారు, అంటే దాదాపు 40 కిలోలు. బర్మా వీశె మన వీశె కన్నా కాస్త ఎక్కువ తూగుతుంది. చివరి రోజుల్లో డగాన్‌లోనే (ఇప్పటి రంగూన్) ఉండి, గోపురం కనిపించేలా మంచం వేయించుకుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1471లో అక్కడే కన్నుమూసింది. యాంగోన్‌లో (అదే రంగూన్) ఆమె పేరుతో రోడ్డు కూడా ఉంది, సాన్‌చౌంగ్ వైపు.

కోరంగిగట్టు:
షిన్ సా పు రోడ్డా? మేం దిగిన లాడ్జి ఆ రోడ్డులోనే అండీ. నాలుగు రోజులు రిక్షా అబ్బాయికి ఆ పేరు చెప్పాను, ఆవిడ పేరని తెలియనే లేదు.