అప్‌డేట్: బాబాయి బోటుకు సోలార్ విషయంలో ఏం చేస్తున్నామంటే

ఉప్పాడలో మా బాబాయి ఫైబర్ బోటుకు ఉన్న 10 హెచ్‌పీ డీజిల్ ఇంజిన్ తీసేసి, సోలార్‌తో నడపొచ్చా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

లెక్క వేశాం. 10 హెచ్‌పీ అంటే సుమారు 7.5 కిలోవాట్లు. పోనూ రానూ 4 గంటలు ఫుల్‌గా నడిస్తే 30 యూనిట్ల కరెంటు కావాలి. అంత బ్యాటరీ 200 కిలోల పైమాటే! ప్యానెల్ చదరపు మీటరుకు మంచి ఎండలో 200 వాట్లే ఇస్తుంది. సరిపడా ప్యానెళ్ల కోసం బోటుకు పైకప్పు వేస్తే వల లాగడానికి చోటుండదు. అందుకే ఇంజిన్ ఉంచుతున్నాం.

నార్వేలో 2015లో వచ్చిన 'కరోలైన్' బోటు సంగతి నాకు బాగా నచ్చింది. 195 యూనిట్ల బ్యాటరీ ఉన్నా, వేట చోటికి డీజిల్‌తో వెళ్లి, అక్కడ పని బ్యాటరీతో చేసుకుంటుంది. మనకూ దారి అదే అనిపిస్తోంది. ముందుగా లైట్లు, జీపీఎస్, వైర్‌లెస్ సెట్ సోలార్‌కు మారుస్తున్నాం. స్పీడు కాస్త తగ్గించినా డీజిల్ బాగా మిగులుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. బాబాయి వెంటనే ఒప్పుకున్నది ఇదొక్కటే.

కోరంగి వైపు మడ కాలువల్లో తిరిగే మా తమ్ముడి చిన్న పడవకు మాత్రం ఎలక్ట్రిక్ మోటారే పెడతాం. అక్కడ అలలుండవు, దూరమూ తక్కువ.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, వైరింగ్ అప్పుడే. ఉప్పుగాలికి జాయింట్లు చిలుము పట్టకుండా ఏం వాడుతున్నారో, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.