యూట్యూబ్ చూసి కరాటే చేస్తున్నా, కిక్ కొడితే మోకాలు లాగుతోంది, ఎవరైనా చెప్పండి

అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు మారతహళ్ళి, ఆఫీసు వైట్‌ఫీల్డ్. ఇందిరానగర్‌లో క్లాసుకి వెళ్దామంటే సాయంత్రం ట్రాఫిక్‌లో నేను చేరేసరికి వాళ్ళు క్లాసు ముగించుకుని టీ కూడా తాగేసి ఉంటారు, అందుకని నాలుగు నెలలుగా వీడియోలు పెట్టుకుని ఇంట్లోనే షోటోకాన్ (కరాటేలో ఒక శైలి) చేస్తున్నా. హెయాన్ షోడాన్‌లో (మొదట్లో నేర్పే కటా, అంటే వరసగా చేసే కదలికల పాఠం) 21 కదలికలూ వచ్చేశాయి. తంటా అంతా మవాషి గెరితో, అదే రౌండ్ కిక్. కుడికాలితో కొడుతుంటే నేల మీదున్న ఎడమ మోకాలు లోపలివైపు లాగుతోంది, మెట్లు దిగేటప్పుడు కూడా తెలుస్తోంది. స్ట్రెచింగ్ చాలట్లేదా? ఇంకోటి, వీడియో పంపితే బెల్ట్ ఇస్తాం అని ఒకళ్ళు డబ్బులు అడుగుతున్నారు, కట్టనా?

బెళ్లందూరు నుంచి:
గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టుంది బ్రో, క్లాసుకి పో.

జేపీ నగర్ నుంచి:
ఈ గట్టు సామెత ప్రతిసారీ ఎవరో ఒకరు అనేదే, వదిలెయ్ తమ్ముడూ. నేను 11 ఏళ్ళుగా చేస్తున్నా, 2020 లాక్‌డౌన్‌లో మా డోజో, అదే కరాటే క్లాసు, కూడా జూమ్ మీదే నడిచింది. ముందు మూడు ప్రశ్నలు. కింద మ్యాట్ ఏంటి? నువ్వు చేస్తుండగా ఎప్పుడైనా వీడియో తీసుకున్నావా? షోడాన్‌లో మొట్టమొదట ఎటు తిరుగుతున్నావు?

అడిగినవాణ్ణి:
మ్యాట్ అంటే పజిల్ ముక్కల్లా అతికించేది అక్కా, ఫోమ్‌ది, కింద ఫ్లాట్ ఆంటీ చప్పుడని పైకొచ్చి అడిగితే కొన్నా. వీడియో ఎప్పుడూ తీసుకోలేదు. మొదట కుడివైపుకి తిరుగుతా.

జేపీ నగర్ నుంచి:
హహ అనుకున్నా! ఎడమకి తిరగాలి నాన్నా. ఎడమకి తిరిగి ఎడమ చేత్తో గెదాన్ బరాయ్ (కిందివైపు బ్లాక్), మొదలు అదే. నువ్వు చూసే వీడియోలో మాస్టారు నీ వైపు మొహం పెట్టి చేస్తున్నాడు, నువ్వు అద్దంలో బొమ్మలా కాపీ కొట్టావు, అంటే కటా మొత్తం తిరగేసి నేర్చుకున్నావు. వెనక నుంచి తీసిన వీడియో వెతుక్కో, స్పీడు సగానికి తగ్గించి చూడు. సెల్ఫీ కెమెరాలో కూడా స్క్రీన్ మీద ఎడమ కుడి తారుమారుగానే కనిపిస్తాయి, ఫోన్ వెనక కెమెరాతో తియ్యి.

ఇక మోకాలు. కిక్ కొట్టేటప్పుడు నేల మీదున్న పాదం గిర్రున తిరిగి, మడమ నువ్వు కొట్టే వైపు చూడాలి. నీ ఫోమ్ మ్యాట్ చెప్పులేని పాదాన్ని జిగురులా పట్టేసుకుంటుంది. నడుము తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలి మధ్యలో మోకాలు మీద పడుతుంది. వీడియో చూసేవాళ్ళ కళ్ళన్నీ గాల్లో లేచిన కాలి మీదే ఉంటాయి, కింద పాదాన్ని ఎవడు చూస్తాడు చెప్పు! నొప్పి పోయేదాకా కిక్‌లు ఆపు. తర్వాత మ్యాట్ తీసేసి టైల్స్ మీద గోడ పట్టుకుని, మోకాలు ఎత్తు, మడమ తిప్పు, అప్పుడు మాత్రమే కాలు చాచు, మెల్లగా, నడుము ఎత్తు దాటకుండా. ఫోన్‌ని పక్కన బకెట్‌కి ఆనించి పాదం కనబడేలా తీసుకో. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినట్టు ఆగినా మాత్రం నేరుగా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికే.

వైట్‌ఫీల్డ్ నుంచి:
బెల్ట్ సంగతి నేను చెప్తా. కరాటేకి ఈ డాన్ (బ్లాక్ బెల్ట్ స్థాయిల) పద్ధతి మొదట్నుంచీ ఉన్నది కాదు, జూడో మొదలుపెట్టిన కనో అందులో పెట్టినదాన్ని చూసి, మన షోటోకాన్‌కి మూలపురుషుడు ఫునకోషి 1924లో తెచ్చుకున్నాడు. కాబట్టి గుడ్డముక్క కోసం అంత తొందర వద్దు. డబ్బు కట్టేముందు ఒక్కటి అడుగు బ్రో, ఫెయిల్ అయితే ఏది తప్పో రాసి పంపుతారా అని. నేను అలా అడిగితే ఒకళ్ళు ‘మా దగ్గర ఎవరూ ఫెయిల్ అవ్వరు సార్’ అన్నారు, అక్కడితో ఫోన్ పెట్టేశా. ఇంకోటి, కటా వీడియోతో కొంతవరకు వస్తుంది కానీ ఎదుటివాడు ఎంత దూరంలో ఉంటే చెయ్యి తగులుతుంది అనేది స్క్రీన్ చూస్తే రాదు, దానికి మనిషి కావాలి.

అడిగినవాణ్ణి (మూడు వారాల తర్వాత):
అక్కా దండం. వీడియో తీసి చూస్తే ఎడమ పాదం మేకు కొట్టినట్టు అక్కడే ఉంది! పది రోజులు కిక్ ముట్టుకోలేదు, ఇప్పుడు టైల్స్ మీద మెల్లగా చేస్తున్నా, మెట్లు దిగితే నొప్పి లేదు. కటా మాత్రం నరకం, ఎడమ అనుకుంటూనే కుడికి తిరుగుతున్నా. బెల్ట్ వాళ్ళకి డబ్బు కట్టలేదు. ఎదురు నిలబడి చేసే మనిషి ఎవరైనా దొరుకుతారా?

జేపీ నగర్ నుంచి:
ఆదివారం పొద్దున కబ్బన్ పార్క్‌కి వచ్చెయ్, ఆ రోజు లోపల బళ్ళు తిరగవు. కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కితే కబ్బన్ పార్క్ స్టేషన్‌లోనే దిగుతావు. మేం నలుగురం బ్యాండ్ స్టాండ్ దగ్గర ఉంటాం. మ్యాట్ మాత్రం తేకు.