కర్మాగారం, ప్రజలు, అధికారులు కలిసి పనిచేసే సమన్వయ సంఘం గురించి సలహా కావాలి

నమస్కారం. నేను ఒక రసాయన కర్మాగారంలో ప్రజా సంబంధాల బాధ్యత చూస్తున్నాను. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల నివసించేవారికి ముందుగానే నేర్పేందుకు, మా ఉద్యోగుల్లో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారితో ఒక బృందాన్ని ఏర్పాటు చేస్తున్నాం. పరిశ్రమ, స్థానిక ప్రజలు, ప్రభుత్వాధికారులు ఒకే సమన్వయ సంఘంలో కూర్చుని ప్రణాళిక తయారు చేసుకోవాలని చెప్పే అపెల్ విధానాన్ని (ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం దీన్ని 1988లో ప్రారంభించింది) మేము ఆధారంగా తీసుకున్నాం.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. ఏయే రసాయనాలు ఎంతెంత నిల్వ ఉన్నాయో చెప్పాలని ప్రజలు అడిగారు. భద్రత దృష్ట్యా అన్నీ వెల్లడించలేమని యాజమాన్యం అంటోంది. ప్రజలు అడిగినది న్యాయమేనని నా అభిప్రాయం. ఏ వాయువు వెలువడుతుందో తెలియకపోతే, తలుపులు, కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉండాలో, గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి దూరంగా వెళ్లాలో వారికి ఎలా తెలుస్తుంది? పైగా అధికారుల సమక్షంలో చాలామంది మౌనంగా ఉండిపోతున్నారు.

ఇలాంటి సంఘంలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: అధ్యక్షత ఎవరికి అప్పగించారు? నిల్వల వివరాలు ఎంతవరకు పంచుకున్నారు? అన్నిటికన్నా ముఖ్యంగా, వాలంటీర్లు కంపెనీ ఉద్యోగులే అయినప్పుడు ప్రజల నమ్మకాన్ని ఎలా సంపాదించగలిగారు?