టేప్ నుంచి రీస్టోర్ సెకనుకు 18 ఎంబీ దాటడం లేదు

రుషికొండ_అడ్మిన్:
ఫైల్ సర్వర్ డిస్కులు పోయాయండి. 1.2 టీబీ డేటా, దాదాపు 30 లక్షల చిన్న ఫైళ్లు. ఎల్‌టీఓ-7 (బ్యాకప్ టేప్ రకం) టేప్ నుంచి రీస్టోర్ పెడితే సెకనుకు 18 ఎంబీ మించి రావడం లేదు. ఈ లెక్కన 18 గంటలు దాటుతుంది. బ్యాకప్ మాత్రం ఫుల్ స్పీడ్‌లోనే అయ్యింది, నాలుగు సర్వర్లు ఒకే టేప్ మీదికి కలిపి రాశాం. డ్రైవ్ ఆగి ఆగి వెనక్కి తిరుగుతున్న చప్పుడు వస్తోంది. డ్రైవ్ మార్చాలా? గాజువాకలో ఉన్న రెండో కాపీ తెప్పించాలా?

టేప్_మనిషి:
రెండూ ఇప్పుడే వద్దు. ఎల్‌టీఓ-7 అసలు వేగం సెకనుకు 300 ఎంబీ. అవతలివైపు డిస్కులు నెమ్మదిగా తీసుకుంటే డ్రైవ్ కూడా తగ్గుతుంది గానీ, సుమారు 100 కిందికి దిగలేదు. ఇక అక్కణ్నుంచి ఆగడం, వెనక్కి వెళ్లడం, మళ్లీ అందుకోవడం. మీకు వినిపిస్తున్న చప్పుడు అదే.

ముందు టేప్‌ని విడిగా కొలవండి. జాబ్ ఆపి, రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్ వేసి, రీవైండ్ కాని డివైస్ నుంచి డీడీతో (డేటాను కాపీ చేసే లినక్స్ కమాండ్) డెవ్ నల్‌లోకి (వచ్చిందంతా పారేసే చోటు) చదవండి. బ్లాక్ (ఒక్కసారికి చదివే ముక్క) సైజు 256కె, కౌంట్ 80000. అంటే 21 జీబీ, 70 సెకన్లలో అయిపోవాలి. రాసినప్పటి బ్లాక్ కంటే చిన్న సైజు ఇస్తే మెమరీ చాలదన్న ఎర్రర్ వస్తుంది. అది ర్యామ్ గొడవ కాదు, సైజు పెంచండి. మధ్యలో ఫైల్ మార్క్ (టేప్ మీద ఒక భాగం ముగిసిందన్న గుర్తు) తగిలితే డీడీ అక్కడే ఆగుతుంది, మళ్లీ నడపండి.

రుషికొండ_అడ్మిన్:
285 వచ్చింది. కొత్త డిస్కులు రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక). కంట్రోలర్‌లో క్యాష్ ‘రైట్ త్రూ’ (క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కుకే రాయడం) అని చూపిస్తోంది.

స్టోరేజ్_గాజువాక:
కారణం దొరికింది. టేప్ బాగానే ఉంది, డిస్కుల వైపే నెమ్మది. క్యాష్ బ్యాటరీ పోతే చాలా కంట్రోలర్లు వాటంతటవే రైట్ త్రూకి మారిపోతాయి. రెయిడ్ 6లో చిన్న రైట్ ఒక్కదానికి మూడు రీడ్‌లు, మూడు రైట్‌లు పడతాయి. క్యాష్ లేకపోతే ఆ భారమంతా నేరుగా డిస్కుల మీదే. బ్యాటరీ మార్చండి. అందాకా యూపీఎస్ ఉంటే రీస్టోర్ అయ్యేవరకు రైట్ బ్యాక్ (ముందు క్యాష్‌లో రాసుకుని తర్వాత డిస్కుకి పంపడం) ఫోర్స్ చేయొచ్చు. కరెంటు పోయినా టేప్ చేతిలో ఉంది కదా. యూజర్లను లోపలికి వదిలే ముందు మాత్రం వెనక్కి మార్చి తీరాలి. ఆ ఫోల్డర్ వరకు యాంటీవైరస్ స్కాన్ కూడా ఆపండి.

టేప్_మనిషి:
ఇది సరిచేసినా 285 ఆశించకండి. నాలుగు సర్వర్ల డేటా ముక్కలు ముక్కలుగా కలిసిపోయి ఉంది. మీకు కావాల్సింది ఒకటే, మిగతా మూడూ చదివి పారేయాల్సిందే. మీ వంతు సుమారు 71, అంటే ఐదు గంటల లోపు. రెండో కాపీ కూడా ఇలాగే రాసి ఉంటే దానితో లాభం లేదు. ఎప్పుడైనా తెప్పించాల్సి వస్తే మన సముద్రపు తేమకి వెంటనే డ్రైవ్‌లో పెట్టకండి, 24 గంటలు సర్వర్ గదిలో ఉంచాకే.

రుషికొండ_అడ్మిన్:
రైట్ బ్యాక్ పెట్టాక 63కి ఎక్కింది, చప్పుడు కూడా ఆగింది. వచ్చే ఫుల్ బ్యాకప్‌కి కలిపి రాయడం మానేస్తే టేప్ డేటా అందక ఆగదా?

టేప్_మనిషి:
నేరుగా రాస్తే ఆగుతుంది. ముందు నాలుగింటినీ డిస్క్ మీదికి తీసుకుని, అక్కణ్నుంచి ఒక్కొక్క సర్వర్‌నీ విడిగా టేప్‌కి దించండి.